జింగ్‌డెజెన్‌లో టీ కప్పులు: సగం చేతిపని, పూర్తి ధర

చైనాలో పింగాణీకి పేరుపడ్డ ఊరు జింగ్‌డెజెన్. హాంగ్‌జౌ నుంచి రైలు, బస, తిండి అన్నీ బాగానే కుదిరాయి. ఏడిపించింది కప్పులే. జత 560 యువాన్లు, ఫోన్లో డబ్బు కట్టే అలీపే యాప్‌లో విదేశీ కార్డు కాబట్టి 3 శాతం రుసుము కింద ఇంకో 16.80. "మొత్తం చేత్తో వేసిందే" అన్నారు దుకాణంలో. గదికొచ్చి రెండూ పక్కపక్కన పెడితే వెదురాకు రెండింటి మీదా ఒకే చోట వంగి, ఒకేలా సన్నబడింది. గీతలు స్టిక్కరువి, అంటే అచ్చేసిన బొమ్మని అంటించినవి; వాటి లోపలి నీలం మాత్రం కుంచెది. మా ఆవిడ ఆ రాత్రి టీ వద్దంది.

ఇక్కడ ఇంకా కాల్చని పచ్చి కప్పు మీదే కోబాల్టు రంగుతో బొమ్మ వేసి, పైన గ్లేజు (గాజులా మెరిసే పూత) పూసి, 1300 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. వేసేటప్పుడు మసిరంగే, నీలం తేలేది బట్టీలో. స్టిక్కరు కూడా గ్లేజు కిందకే పోతుంది. కాబట్టి వేలికి నున్నగా తగిలినంత మాత్రాన చేత్తో వేసిందని నమ్మొద్దు.

గీత చూడండి. కుంచె ఆగినచోట రంగు చిక్కబడుతుంది, లేచినచోట పల్చబడుతుంది. అచ్చుగీతకి ఆ ఎగుడుదిగుళ్లుండవు. అంచు పట్టీ చుట్టూ తిరిగొచ్చి కలిసేచోట డిజైను తెగిందా, ఒకదాని మీదొకటి ఎక్కిందా చూడండి, అలా ఉంటే స్టిక్కరే. అన్నిటికన్నా తేలిక, అదే బొమ్మ ఉన్న రెండో కప్పు అడగడం. ఇవ్వడానికి నసిగితే లేచి వచ్చేయండి.

గీతల మధ్య నీలం నింపే పనిని ఫెన్‌షుయ్ అంటారు. లావు కుంచె నిండా రంగునీళ్లు పట్టి, కొస మట్టికి తగలకుండా నీటిబొట్టునే నడిపిస్తారు. పచ్చిమట్టి నీళ్లు వెంటనే పీల్చేస్తుంది, చెయ్యి ఒక్క క్షణం ఆగితే మరక. అందుకే సగం చేతిపని కప్పులో కూడా కొంత పనితనం ఉంటుంది. అయితే సగమే చేతిపని అని చెప్పి, దానికి తగ్గ ధరకే అమ్మాలి కదా!

అడుగున పాతకాలపు మింగ్ చక్రవర్తి షువాన్‌దె పేరుంటే మురిసిపోకండి, నిన్న కాల్చిన కప్పు మీదా అదే రాస్తారు.

తావ్‌షిచువాన్ పాత ఫ్యాక్టరీ ఆవరణ, సాయంత్రం తిరగడానికి బాగుంటుంది. కొనేముందు మాత్రం రాజబట్టీ మ్యూజియానికి వెళ్లండి. చక్రవర్తి కొలువుకి పనికిరావని అప్పట్లో పగలగొట్టి పాతిపెట్టిన పాత్రల్ని ముక్క ముక్క అతికించి పెట్టారు. అసలు కుంచె గీత ఎలా ఉంటుందో అక్కడే కంటికి పడుతుంది. మేం కొన్నాక వెళ్లాం.

టీకి 110 మిల్లీలీటర్ల మూతకప్పు చాలు. అంచు బయటికి విచ్చుకుని ఉండాలి, లేకపోతే వేళ్లు కాలతాయి. మూత పెట్టి తిప్పి చూడండి, ఊగితే వంకర పోయినట్టే. తెచ్చేటప్పుడు లోపల సాక్సులు కుక్కి చేతిసంచీలోనే పెట్టుకోండి.