రిసార్ట్ గోల్ఫ్‌కు 4,900 పోయాయి, మైపాడు ఇసుక ఊరికే నేర్పింది

"గోల్ఫ్ ప్రాక్టీస్ సౌకర్యం కలదు." రిసార్ట్ ప్రకటనలో ఈ ఒక్క ముక్క చూసి, సంక్రాంతి అయిన తర్వాతి వారం ఒంగోలు నుంచి నెల్లూరు జిల్లా సముద్రపు ఒడ్డుకు కారేసుకుని పోయాం. నేను, మా ఆవిడ, ఏడో తరగతి చదివే మా అమ్మాయి. ఆ మాట నమ్మి ఇంకొకరు డబ్బు పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. బెంగళూరులో ఉద్యోగం చేసేటప్పుడు గోల్ఫ్ నేర్చుకున్నాను. ఒంగోలు వచ్చాక రెండు నెలలకోసారి చెన్నైలో స్నేహితుడితో ఆడటమే. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె, ఎంత తగ్గితే అంత మంచిది) 26 దగ్గర ఆగిపోయింది. కారణం బంకర్, అంటే గోల్ఫ్ కోర్సులో (ఆట మైదానంలో) కావాలని పెట్టే ఇసుక గుంట. బంతి ఇసుకలో పడిందంటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఒక్క దెబ్బకు బయటికి రావాల్సిన బంతికి మూడు దెబ్బలు పడతాయి. పోనీ అక్కడే ఒకసారి ఇసుకను తడిమి చూసి కొడదామంటే రూల్ ఒప్పుకోదు. బంకర్లో షాట్‌కు ముందు ప్రాక్టీస్ స్వింగ్‌లో కూడా క్లబ్ (బంతిని కొట్టే కర్ర) ఇసుకకు తగలకూడదు, తగిలితే పెనాల్టీ. అంటే ఆటలో నేర్చుకునే వీలే లేదు, బయట ఎక్కడో నేర్చుకుని పోవాలి. రిసార్ట్ మీద ఆశ పెట్టుకున్నది అందుకే. సముద్రం పక్కనే ఉంది కాబట్టి ఒక ప్రాక్టీస్ బంకర్ అయినా ఉంటుందనుకున్నాను.

రెండు రాత్రులకు 9,800, ముందే కట్టాం. ప్రయాణంలో చెప్పుకోవాల్సింది ఏమీ లేదు. హైవే బాగుంది, మొత్తం తిరుగుడుకు పెట్రోలు 1,800 అయింది.

రూమ్ ఫర్వాలేదు. ఏసీ పని చేసింది, దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి. సాయంత్రం నాలుగింటికి "గోల్ఫ్ ఎక్కడ?" అని అడిగితే కుర్రాడు ఈతకొలను వెనక్కి తీసుకెళ్లాడు. సిమెంటు గచ్చు మీద పరిచిన పచ్చ కార్పెట్. మధ్యలో అతుకు లేచి ఉంది. మూడు రంధ్రాలు, రెండు పట్టర్లు (బంతిని నేల మీద దొర్లించి రంధ్రంలో వేసే కర్రలు). అందులో ఒకటి పిల్లలది, పిడి ఊడిపోతోంది. బంతులు బోలు ప్లాస్టిక్‌వి. అసలు గోల్ఫ్ బంతి దాదాపు 46 గ్రాములుంటుంది, చేతిలో పెట్టుకుంటేనే ఆ బరువు తెలుస్తుంది. ఇవి గాలికి కదులుతున్నాయి. రంధ్రం చూడగానే అనుమానం వచ్చి మా అమ్మాయి జామెట్రీ బాక్సులో స్కేలు తీసి కొలిచాను. గోల్ఫ్‌లో రంధ్రం వ్యాసం 108 మిల్లీమీటర్లు, ప్రపంచంలో ఎక్కడైనా అంతే. ఇక్కడ ఒకటి 150, ఒకటి 160. అంత పెద్ద రంధ్రంలో వేయడం అలవాటైతే కోర్సులో పట్టింగ్ ఇంకా పాడవుతుంది తప్ప బాగుపడదు.

దానికి అరగంటకు మనిషికి 300 అదనం. "రూమ్ డబ్బుల్లో కలిసి లేదా?" అంటే, "సౌకర్యం ఉందనే రాశాం సార్, ఫ్రీ అని రాయలేదు" అన్నాడు మేనేజర్. కూర్చున్న కుర్చీలోంచి లేవలేదు, ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. రెండో రాత్రి క్యాన్సిల్ చేయమన్నాను. వాపసు రాదన్నాడు. బంకర్ సంగతి ఎత్తితే ఆ మాటే వినలేదన్నట్టు చూశాడు. అరగంట మాట్లాడినా ఒక్క రూపాయి తిరిగి రాలేదు. మా ఆవిడ ముఖం మాడిపోయింది. "ఇసుకే కావాలంటే కొత్తపట్నం పోయేవాళ్లం కదండీ, ఇంటి పక్కనే" అంది. న్యాయమైన మాట. అమ్మాయి ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఆ భోజనం గురించి కూడా చెప్పాలి. చేపల కూర 380, అందులో ముక్కలు రెండు.

పొద్దున్నే ఖాళీ చేసేశాం. 4,900 పోతే పోయాయి, అక్కడ ఇంకో పూట ఉండబుద్ధి కాలేదు.

నెల్లూరు మూలాపేటలో మా బావమరిది ఉంటాడు, ఒంటరిగా చిన్న గదిలో. ఫోన్ చేస్తే వెంటనే వచ్చి ట్రంకు రోడ్డు దగ్గర ఒక లాడ్జి చూపించాడు. రోజుకు 1,400. పాత బిల్డింగే కానీ బాత్రూమ్ కడిగి పెట్టి ఉంది, వేడినీళ్లు వచ్చాయి. ఆ రాత్రి వరండాలో స్టీలు గ్లాసు పడుకోబెట్టి పట్టింగ్ చేసుకుంటుంటే కౌంటర్లో పెద్దాయన ఏమీ అనకపోగా చెప్పుల స్టాండు పక్కకు జరిపించాడు. గ్లాసు మూతి రంధ్రం కంటే చిన్నది, దాంట్లోకి పది వేసి వెళితే కోర్సులో రంధ్రం పెద్దదిగా కనిపిస్తుంది. ఖర్చు లేని సాధన ఇది.

ఆ రోజు మధ్యాహ్నమే మెస్సులో కొర్రమీను పులుసు, మామిడికాయ ముక్కలు వేసింది, అన్నంతో 220. మా ఆవిడ రెండోసారి పులుసు అడిగి వేయించుకుంది. ఆ పూటతో ఇంట్లో వాతావరణం మారింది. "ఏంది బావా, దిగులుగా ఉండావు? పొద్దున్నే మైపాడు పోదాం పా. యాడ చూసినా ఇసకే" అన్నాడు బావమరిది.

నెల్లూరు నుంచి మైపాడు పాతిక కిలోమీటర్లు. ఆరింటికల్లా బీచ్‌లో ఉన్నాం. జనం లేని వైపు, పడవలకు దూరంగా నడిచాం. పొడి ఇసుకలో మొదలుపెట్టబోతే వల సర్దుకుంటున్న ఒకాయన పిలిచాడు. "ఆ గట్టు పక్కన తవ్వబాకండి సార్, తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం." ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వస్తాయని చదివాను కానీ ఆ క్షణం నాకు గుర్తు లేదు. ఆయన చూపించిన చోటికి, మనుషులు తొక్కిన దారి పక్కకు జరిగాం. మీరు పోయినా చలికాలంలో ముందు అక్కడి వాళ్లను అడగండి.

ఇక పని. మా అమ్మాయి పుల్లతో ఇసుకలో పొడవుగా గీత గీసింది. బంతి లేకుండా, క్లబ్ సరిగ్గా ఆ గీత మీద ఇసుకలోకి దిగేట్టు ఇరవై సార్లు కొట్టాలి. బంకర్ షాట్‌లో క్లబ్ బంతిని తాకదు. బంతికి రెండంగుళాలు వెనక ఇసుకలోకి దిగుతుంది, ఆ ఇసుకే బంతిని పైకి లేపుతుంది. కాబట్టి గుంట ఎక్కడ మొదలైందో చూస్తే తప్పు తెలిసిపోతుంది. నా గుంటలు చాలావరకు గీతకు బెత్తెడు వెనక మొదలయ్యాయి. అమ్మాయి నోట్‌బుక్‌లో రాసుకుంది: 20లో గీత మీద 4. బావమరిది ఫోన్‌లో వీడియో తీసి చూపించాడు. దెబ్బ వేసేటప్పుడు నా బరువంతా కుడికాలి మీదే ఉండిపోతోంది. బంతిని నేనే ఎత్తాలన్న భయంతో వెనక్కి వాలుతున్నాను. ఇన్నేళ్లుగా ఎవరూ చెప్పని సంగతి ఇసుక మీద అచ్చు గుద్దినట్టు కనిపించింది.

మొదటి నుంచీ ఎడమకాలి మీద బరువు వేసి, అక్కడే ఉంచి కొట్టాను. రెండో విడత 9. మూడో విడత 13. గుంటలు పలచగా, అరచేయంత వెడల్పున, గీత నుంచే మొదలవుతున్నాయి. చప్పుడు కూడా మారింది. ముందు ఠంగుమనేది, ఇప్పుడు తడి దుప్పటి దులిపినట్టు మెత్తగా వచ్చింది.

తర్వాత పాత బంతులు పెట్టి, పది అడుగుల దూరం దాటకుండా, ఎదురుగా ఎవరూ లేకుండా చూసి కొట్టాను. నీళ్ల దగ్గరి తడి ఇసుకలో మళ్లీ తేడా. పొడి ఇసుకలో క్లబ్ ముఖం (బంతి వైపు ఉండే చదును భాగం) తెరిచి, అంటే పైకి చూసేట్టు తిప్పి పెడితే, క్లబ్ అడుగున ఉన్న ఉబ్బు ఇసుకలో దిగబడకుండా జారుతూ పోతుంది. 1932 బ్రిటిష్ ఓపెన్ గెలిచిన జీన్ సారజెన్ తన క్లబ్ అడుగున లోహం అతికించి ఆ ఉబ్బు చేసుకున్నది ఇందుకే. గట్టి తడి ఇసుకలో అదే ఉబ్బు ఎగిరిపడి, క్లబ్ అంచు బంతి మధ్యలో తగులుతుంది. అక్కడ ముఖం అంత తెరవకూడదు. ఈ రెండు రకాల ఇసుకా పది అడుగుల తేడాలో ఇంకెక్కడ దొరుకుతుంది?

గుంటలన్నీ కాలితో పూడ్చి, బంతులు లెక్కపెట్టుకుని ఎనిమిదింటికి లేచాం. బండి మీద పులిబొంగరాలు నలుగురికి 160. అమ్మాయి నోట్‌బుక్ దాచుకుంది. వచ్చే ఆదివారం కొత్తపట్నంలో మొదటి విడతలోనే 10 రావాలని షరతు పెట్టింది.

రిసార్ట్ బుక్ చేసే ముందు ఫోన్ చేసి గడ్డా కార్పెట్టా, బంతి ఏది, అదనం ఎంత అని అడగండి. ఫోటో పంపమనండి. పంపకపోతే వదిలేయండి.