అణువుకి చక్కెర తగిలించాలంటే ఏ ఎంజైమ్ మేలు?

ఉల్లిపాయల్లాంటి వాటిలో ఉండే క్వెర్సెటిన్ అనే పదార్థాన్ని నీళ్లలో వేసి ఎంత కలిపినా కాసేపటికి పసుపు పొడి ట్యూబు అడుగుకి చేరిపోతుంది. అదే అణువుకి ఒక్క గ్లూకోజ్ తగిలిస్తే కరగడం బాగా మెరుగవుతుంది. మొక్కలు ఈ పని సులువుగా చేసేస్తాయి. మనకే తంటా.

రసాయన పద్ధతి పాతది. 1901లో కోనిగ్స్, నోర్ అనే రసాయన శాస్త్రవేత్తలు బ్రోమిన్ ఉన్న చక్కెరని వెండి లవణం సాయంతో ఆల్కహాల్‌కి అతికించారు. కానీ క్వెర్సెటిన్ మీద చక్కెర అతుక్కోగలిగే హైడ్రాక్సిల్ గ్రూపులు ఐదున్నాయి. కావలసిన చోటే చక్కెర పడాలంటే మిగతావాటికి ముందు మూతలు పెట్టాలి, తర్వాత తీయాలి. చక్కెర మీదున్న గ్రూపులకూ అదే పని. ప్రకృతిలో లేని చక్కెర కావాలన్నప్పుడు తప్ప నేను ఆ జోలికి వెళ్లను.

చక్కెరని అణువులకి అతికించే గ్లైకోసైల్‌ట్రాన్స్‌ఫరేజ్ ఎంజైములకి ఈ మూతల గొడవ లేదు. స్టీవియా మొక్కలోని యూజీటీ76జీ1 అనే ఎంజైమునే చూడండి. మూడు గ్లూకోజ్‌లున్న స్టీవియోసైడ్ అనే తీపి పదార్థానికి సరైన చోట నాలుగోది చేర్చి రెబాడియోసైడ్-ఏ చేస్తుంది. ఆ ఒక్క గ్లూకోజ్‌తోనే చేదు తగ్గి రుచి మారిపోతుంది. అయితే దీనికి యూడీపీ-గ్లూకోజ్, అంటే యూడీపీ అనే న్యూక్లియోటైడ్ మోసుకొచ్చే గ్లూకోజ్, అందించాలి. ఇలాంటి చక్కెర న్యూక్లియోటైడ్‌లని కనుగొన్నందుకే అర్జెంటీనా శాస్త్రవేత్త లెలూర్‌కి 1970లో నోబెల్ వచ్చింది. యూడీపీ-గ్లూకోజ్ ఖరీదైన సరుకు. పైగా పని అయ్యాక మిగిలే యూడీపీ చాలా ఎంజైముల్ని నెమ్మదింపజేస్తుంది. సుక్రోజ్ సింథేజ్ అనే మరో ఎంజైముని అదే ట్యూబులో వేస్తే ఈ రెండు బాధలూ తగ్గుతాయి. అది మామూలు పంచదారని విడగొట్టి గ్లూకోజ్‌ని యూడీపీకి ఎక్కిస్తుంది, ఫ్రక్టోజ్‌ని వదిలేస్తుంది. కొద్దిపాటి యూడీపీయే ఖాళీ బండిలా మళ్లీ మళ్లీ తిరుగుతుంది. నాకు ఈ జోడీ అంటే చాలా ఇష్టం.

చవక కావాలంటే సీజీటేస్ అనే ఇంకో ఎంజైము ఉంది. పిండిపదార్థం ఇస్తే చాలు, గ్లూకోజ్‌ని దాన్నుంచే తీసుకుంటుంది. విటమిన్ సి గ్లూకోసైడ్‌ని (గ్లూకోజ్ తగిలించిన విటమిన్ సి) ఇలాగే తయారుచేస్తారు. కానీ రూటిన్ (క్వెర్సెటిన్‌కి చక్కెరలు తగిలిన మొక్క పదార్థం) లాంటి వాటి మీద ఒక గ్లూకోజ్‌తో ఆగదు. మిశ్రమంలోని పదార్థాల్ని వేరువేరు మచ్చలుగా చూపించే టీఎల్‌సీ ప్లేటు మీద ఒకటి, రెండు, మూడు గ్లూకోజ్‌లు చేరినవి మెట్లలా వరసగా కనిపిస్తాయి. గ్లూకోఅమైలేజ్ అనే ఎంజైముతో అదనపు గ్లూకోజ్‌లని కత్తిరించుకోవచ్చు.

చక్కెరని ఊడదీసే గ్లైకోసిడేజ్ ఎంజైముల్ని వెనక్కి నడిపించి అతికించే పని చేయించడం మాత్రం టెన్షన్ పని. చక్కెరని నీళ్లకి అంటించడమే వాటి అసలు అలవాటు. ఒకసారి ట్యూబుని రాత్రంతా వదిలేశాను. సాయంత్రం కనిపించిన గ్లూకోసైడ్ మచ్చ పొద్దునకి దాదాపు మాయమైంది. అంటించిందే మళ్లీ ఊడదీసింది. 1998లో విథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం ఇలాంటి ఎంజైములో ఒకే అమైనో ఆమ్లాన్ని మార్చి, కత్తిరించే గుణం తీసేసి, అతికించే పనిని నిలబెట్టింది. వాటినే గ్లైకోసింథేజ్‌లు అంటారు. కాకపోతే వాటికి ఫ్లోరిన్ తగిలించిన చక్కెర విడిగా తయారుచేసి ఇవ్వాలి.

కాబట్టి కరిగితే చాలు, మిశ్రమమైనా ఫర్వాలేదు అంటే సీజీటేస్‌తో వెళ్లండి. చక్కెర ఏ చోట పడిందన్నదాని మీదే రుచో మందు గుణమో ఆధారపడితే, ట్రాన్స్‌ఫరేజ్, సుక్రోజ్ సింథేజ్ జోడీకే నా ఓటు. మొదటి ట్యూబు పెట్టేముందు ఒక్కటి చూసుకోండి: కరగని అణువు కోసం పోసే డీఎంఎస్‌ఓ అనే ద్రావకం ఎంతవరకు ఉంటే ఆ రెండు ఎంజైములూ తట్టుకుంటాయో.