క్విజ్ జవాబులు పేజీ కోడ్‌లో దాచడం: కొన్నేళ్లు వాడి చూశాక

కర్నూలులో పోటీ పరీక్షల పిల్లలకు జనరల్ స్టడీస్ చెబుతాను. వారం వారం పెట్టే క్విజ్‌లకు నేను తయారు చేసుకున్న, జవాబులు కోడ్‌లోనే దాచిన వెబ్ పేజీలను చాలాకాలంగా వాడుతున్నాను. ప్రాక్టీసు వరకైతే ఈ పద్ధతికి అయిదుకు నాలుగు మార్కులు ఇస్తాను. ఒకసారి తెరిచాక నెట్ పోయినా పేజీయే మార్కులు వేసేస్తుంది. సిగ్నల్ సరిగా అందని ఊళ్ల నుంచి వచ్చే పిల్లలకు ఇది పెద్ద సౌకర్యం.

మార్కుల పరీక్షకు మాత్రం పనికిరాదు. పేజీయే దిద్దాలంటే జవాబులు పేజీతోపాటే రావాలి. ఫోన్‌కి చేరాక ఇక దాచేదేముంది? క్రోమ్‌లో అడ్రసు ముందు ‘వ్యూ-సోర్స్’ అని కొట్టి కోలన్ పెడితే కోడంతా కనబడుతుంది. రైట్ క్లిక్ ఆపే స్క్రిప్టులు శుద్ధ దండగ.

జవాబును బేస్64లోకి, అంటే చూడగానే అర్థంకాని వేరే అక్షరాల్లోకి, మార్చి పెట్టడం కాస్త నయం, అంతే. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయిన సంవత్సరం అడిగితే కోడ్‌లో 1953 అని ఉండదు. అర్థంకాని ఆరు అక్షరాలు, చివర రెండు సమానం గుర్తులు ఉంటాయి. కంప్యూటర్స్ చదివే ఒకమ్మాయి ఆ గుర్తులు చూడగానే "సార్, ఇది బేస్64 కదా" అంది. బ్రౌజర్‌లో కోడ్ రాసి చూసుకునే కన్సోల్‌లో ఒక్క లైను రాసింది, 1953 బయటపడింది.

ఇంకో దారి హ్యాష్: జవాబును షా-256 అనే లెక్కతో గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చి పెట్టి, పిల్లలు రాసినదాన్నీ అలాగే మార్చి పోల్చడం. ఆ హ్యాష్‌ను వెనక్కి తిప్పి జవాబు రాబట్టలేరు, నిజమే. కానీ తిప్పే పనేముంది? నాలుగు ఆప్షన్లనూ హ్యాష్ చేసి పోల్చుకుంటే సరి. సంవత్సరం టైప్ చేయమన్నా నాలుగంకెల్లో ఉండేవి పది వేలే, మామూలు ఫోన్ కూడా చకచకా అన్నీ చూసేస్తుంది. పొడవాటి జవాబైతే నిలబడుతుంది గానీ, ఒక్క స్పేస్ తేడా వచ్చినా తప్పే అంటుంది. కొండారెడ్డి బురుజును ఒకరు కలిపి రాస్తారు, ఇంకొకరు విడదీసి రాస్తారు. ఇద్దరికీ తెలుసు, ఒకరికి సున్నా. ఇది నేను ఒప్పుకోలేను.

అందుకే మార్కులు లెక్కకొచ్చేవన్నీ మూడుల్‌లో (Moodle, ఆన్‌లైన్‌లో పాఠాలు, పరీక్షలు పెట్టుకునే సాఫ్ట్‌వేర్) పెడుతున్నాను. అక్కడ జవాబు సర్వర్‌లోనే ఉంటుంది, దిద్దడమూ అక్కడే. రివ్యూ ఆప్షన్లలో ‘సరైన జవాబు’ క్విజ్ మూసేశాకే కనబడేలా పెట్టడం మరవకండి. లేదంటే ముందు రాసినవాళ్ల స్క్రీన్‌షాట్ వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. పక్కన పెట్టుకున్న రెండో ఫోన్‌ను ఏ సర్వరూ ఆపలేదు. దానికి గదిలో మనం ఉండాల్సిందే.

రివిజన్‌కు ఇప్పటికీ ఆ పాత పేజీలే, బేస్64తో సహా. చదువుకునే పిల్లల చూపు పొరపాటున జవాబు మీద పడకుండా ఉంటే అక్కడికి చాలు.