పాపకి వైప్స్ మానేసి గుడ్డముక్కలు, 14 నెలల వాడకం తర్వాత

మాది లాసన్స్ బే కాలనీ వైపు, సముద్రం దగ్గరే. పాప పోయినేడు జూలైలో పుట్టింది, అంటే సరిగ్గా వానలు పట్టుకున్న టైము. ఇదెందుకు ముందే చెప్తున్నానంటే పసిపిల్లని ఏ గుడ్డతో తుడవాలి అన్నది పెద్ద ప్రశ్నేం కాదు, ఆ గుడ్డ మర్నాటికి ఆరుతుందా లేదా, వైజాగ్‌లో గొడవంతా అక్కడే.

డెలివరీకి ముందు ఆన్‌లైన్‌లో ఒక సెట్ తెప్పించాను, టవల్ గుడ్డలాంటివి 12, మందంగా, ఫొటోలో చూస్తే ముద్దొచ్చాయి. రెండు నెలలకే మా బోరునీళ్ళకి అట్టముక్కల్లా బిరుసెక్కిపోయాయి. మెత్తబడతాయని కండిషనర్ వేశాను, అదింకో తప్పు, చేతికి మెత్తగానే ఉంటాయి గానీ నీళ్ళు పీల్చడం మానేశాయి, తుడిస్తే తడి అటూ ఇటూ జరుగుతుందంతే. ఆగస్టులో రెండ్రోజులు తాడు మీదున్నా లోపల చెమ్మ పోదు, పైగా ఉప్పుగాలి జిడ్డు. అమ్మ ఒకటి తీసి వాసన చూసి "ఏటే ఈ కంపు, దీంతోనా పిల్లని తుడుస్తున్నావు" అని సెట్టు మొత్తం కిచెన్ గట్టుకి పంపించీసింది.

తర్వాత అమ్మే తన పాత వెంకటగిరి కాటన్ చీర తీసింది, ఉతికీ ఉతికీ వెన్నలా అయిపోయిన చీర. కానీ బీరువాలో కలరా ఉండల మధ్య ఉంది. ఆ ఉండల వాసన పట్టిన బట్టలు పసిపిల్లలకి వాడొద్దని మా పిల్లల డాక్టరుగారు ముందే గట్టిగా చెప్పారు, జీ6పీడీ అనే ఎంజైము లోపం పుట్టుకతో ఉన్న పిల్లలకైతే దానివల్ల ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు బాగా పెరుగుతాయట, ఆ లోపం ఉందో లేదో మనకి ముందు తెలీదు కదా. అందుకే నాలుగుసార్లు ఉతికి, ఎండ వచ్చినప్పుడల్లా డాబా మీద వేసి, వాసన పూర్తిగా పోయాకే కత్తెర పెట్టాం. జరీ అంచులు తీసేసి 10 అంగుళాల చదరాలు కోస్తే సగం చీరకి 40 వచ్చాయి. మొదటి నెల రోజుకి 8, 10 సార్లు మార్చాలి, ఒక్కోసారికి రెండు ముక్కలు, అంటే ఈరోజువి ఆరేలోపు రేపటికి ఇంకో 20 ఉండాలి. 40 కంటే తక్కువైతే వానాకాలం గడవదు.

ఇప్పుడు నేను చేసిన అసలు పొరపాటు. తొందరలో అంచులు కుట్టించకుండానే వాడేశాను. ఒక రాత్రి పిల్ల ఒకటే ఏడుపు, పాలు పట్టదు, కడుపునొప్పేమో అని భుజాన వేసుకుని గంటసేపు తిప్పాం. చివరికి మేజోడు తీసి చూస్తే కాలి రెండో వేలు ఎర్రగా ఉబ్బిపోయి ఉంది, వేలి మొదట్లో సన్నదారం చుట్టుకుని చర్మంలోకి దిగిపోయి కనపడను కూడా కనపడట్లేదు. మా ఆయన ఫోన్ టార్చ్ పట్టుకుంటే గోటి చివరతో తీశాను, నా చేతులు వణుకుతున్నాయి. డాక్టరుగారు తల వెంట్రుకతో కూడా ఇలా అవుతుందని, ఆలస్యమైతే వేలికి రక్తం ఆగిపోతుందని చెప్పారు. మర్నాడే మా సందు చివర ఫాల్ పీకో ఆయనకి 40 ముక్కలూ ఇచ్చి అంచులు మడిచి కుట్టించాను, "చేతిరుమాళ్ళ షాపు పెడతారేంటమ్మా" అన్నాడు. ఇప్పటికీ పిల్ల ఆపకుండా ఏడిస్తే ముందు కాలివేళ్ళే చూస్తాను.

వాడకం సింపులే. రాత్రిళ్ళు మంచం పక్కన చిన్న ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్ళు, గిన్నె, పొడి ముక్కలు. అప్పటికప్పుడు తడిపి పిండి తుడవడమే, ఆడపిల్ల కాబట్టి ఎప్పుడూ ముందు నుంచి వెనక్కే. ముందే తడిపి డబ్బాలో పెట్టుకోమని చాలామంది చెప్తారు, మన ఊరి ఉక్కకి సాయంత్రానికే పులిసిన వాసన. వాడినవి కుళాయి కింద జాడించి విడిగా బకెట్లో వేస్తాను. పాలు తాగే పిల్లల పసుపు మరక సబ్బుకి పోదు, తడిగా ఎండలో వేస్తే దానంతటదే పోతుంది. ఉతకడానికి కుంకుడు రసం బాగా పనిచేసింది గానీ రోజూ కాయలు కొట్టుకునే ఓపిక నాకు లేదు, మామూలు సబ్బే వాడి రెండుసార్లు జాడిస్తున్నాను. ముసురు రోజుల్లో ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాను, ఒంటిపొర గుడ్డ కాబట్టి నిమిషం పట్టదు.

స్నానం సంగతికొస్తే నీళ్ళు పోసే మామ్మ చెయ్యి మంచిదే, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని చెంబుతో పోస్తుంటే పిల్ల కిక్కురుమనేది కాదు. ఆవిడకి పొగలు కక్కే నీళ్ళు కావాలి, నాకు మోచెయ్యి పెడితే వెచ్చగా తగిలితే చాలు, రోజూ చిన్న యుద్ధమే. ముక్కులో నూనె చుక్కలు, సాంబ్రాణి పొగ నేను ఒప్పుకోలేదు, సున్నిపిండి కూడా ఆ లేత చర్మానికి గరుకని పక్కన పెట్టేశాను. బొడ్డు ఊడేదాకా అసలు నీళ్ళే పోయలేదు, తడిగుడ్డతో తుడిచి బొడ్డు దగ్గర పొడిగా ఉంచామంతే, ఏమీ రాయలేదు. "పిల్ల ఒళ్ళు గట్టిపడదమ్మా" అని అత్తయ్యగారు కాస్త నొచ్చుకున్నారు, ఇప్పుడు అదే పిల్ల వెనకాల పరిగెత్తలేక ఆయాసపడుతున్నారు.

మెడ నిలబడ్డాక చాలాసార్లు గుడ్డ కూడా అక్కర్లేదు, చెంబుతో కడిగి తుడిచేయడమే. బయటికెళ్తే మాత్రం అబద్ధం ఎందుకు, కొన్న వైప్సే. అన్నప్రాశనకి సింహాచలం వెళ్ళినప్పుడు జిప్ కవర్లో తడిముక్కలు పట్టుకెళ్ళాను, వాడినవి ఆ కవర్లోనే మర్చిపోయి మర్నాడు తెరిచాను. రెండు ముక్కలు ఆ రోజే పారేశాను.

40లో 31 మిగిలాయి, కొన్ని చిరిగాయి, కొన్ని పాపే ఎక్కడో దాచింది, ఒకటి పట్టుకుని నేల తుడుస్తూ తిరుగుతుంది. మిగతా సగం చీర అలాగే ఉంది. చెల్లికి డిసెంబర్‌లో డెలివరీ, ఈలోపు కోసి ఫాల్ పీకో ఆయన దగ్గర పడెయ్యాలి, దసరా చీరల రద్దీలో పడితే ఇంక మన ముక్కల మొహం చూడడు.