మెదడుకూ రక్తనాళాలకూ ముప్పు: ఏ రక్తపరీక్ష మేలు?

విజయవాడ సూర్యారావుపేటలో ఏ సందు మలుపులో నిలబడినా ల్యాబుల బోర్డులు కనిపిస్తాయి. గుంటూరు కొత్తపేట కూడా అంతే. షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్‌తో సరిపెట్టే రోజులు పోయాయి. ప్యాకేజీల్లో ఇప్పుడు హోమోసిస్టీన్, లైపోప్రోటీన్ ఎ, అపోలైపోప్రోటీన్ బి ఉంటున్నాయి. మతిమరుపు జబ్బు అల్జీమర్స్ ముప్పు చెప్పే జన్యుపరీక్షలూ అమ్మకానికి వచ్చాయి. ఇంట్లో ఒకరికి పక్షవాతం వచ్చినా, పెద్దవాళ్లలో ఎవరైనా కన్నబిడ్డలను గుర్తుపట్టలేకపోయినా, మిగిలినవారు హడలిపోయి అన్నీ చేయించుకుంటారు. ఆ భయం సహజం. కాకపోతే ఏ అంకె చూసి ఏం చేయగలమో తెలుసుకుని వెళితే ఆ డబ్బు సార్థకమవుతుంది. నేను బయోకెమిస్ట్రీ చదువుకున్నదాన్ని. మందులు రాసే అర్హత లేదు కానీ రిపోర్టు చదవడం తెలుసు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నలభై, అరవై ఏళ్ల మధ్యవారికి మామూలు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొవ్వుల పరీక్ష), బీపీ, షుగర్ పరీక్షలను మించినవి లేవు. అయితే ఆ లిపిడ్ ప్రొఫైల్‌ను మనం చదువుతున్న తీరు మారాలి.

కొలెస్ట్రాల్‌కూ మతిమరుపుకూ సంబంధమేమిటని అడిగేవారు చాలామంది. మన బరువులో మెదడు వాటా రెండు శాతమే అయినా, ఒంట్లోని కొలెస్ట్రాల్‌లో దాదాపు ఐదో వంతు అక్కడే ఉంటుంది. దాన్ని మెదడు తానే తయారుచేసుకుంటుంది. రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ కణాలను మెదడు రక్తనాళాల గోడలు లోపలికి రానివ్వవు. అంచేత రక్తంలో పెరిగిన కొలెస్ట్రాల్ మెదడును దెబ్బతీసేది ముఖ్యంగా నాళాల దారినే. మెడలోని పెద్ద నాళాల్లో పూడిక చేరితే పక్షవాతం రావచ్చు. మెదడు లోతుల్లోని సన్నని నాళాలు మూసుకుపోతే పైకి ఏమీ తెలియదు. చిన్న చిన్న భాగాలు చచ్చుబడుతూ పోయి, కొన్నేళ్లకు ఆలోచన మందగిస్తుంది. ముసలితనంలో వచ్చే డిమెన్షియాలో (జ్ఞాపకం, ఆలోచన క్షీణించే జబ్బులో) అల్జీమర్స్ మార్పులు, నాళాల దెబ్బ రెండూ కలిసి ఉండటం మామూలే. లాన్సెట్ వైద్య పత్రిక డిమెన్షియా కమిషన్ 2024 నివేదిక మార్చుకోదగిన ముప్పు కారణాలను 14గా లెక్కించింది. వాటన్నిటినీ తొలగించగలిగితే 45 శాతం కేసులను ఆపడమో వెనక్కి నెట్టడమో సాధ్యమని అంచనా వేసింది. ఆ ఏడాది కొత్తగా చేర్చిన రెండు కారణాల్లో ఒకటి నడివయసులో ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండటం.

ఇక రిపోర్టు సంగతి. గుంటూరు అరండల్‌పేటలో ఉండే మా బాబాయికి షుగర్ ఉంది. ఆయన ఫోనులో పంపిన కాగితంలో టోటల్ కొలెస్ట్రాల్ 186, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే మరో రకం కొవ్వు) 240, ఎల్‌డీఎల్ 104 అని ఉంది. "అమ్మాయీ, మొత్తం రెండు వందల లోపే ఉంది కదా, ఇక మాత్ర ఎందుకు?" అన్నారు. మన దగ్గర అందరూ చేసే వాదనే ఇది. నేను ఆయనతో ఒక చిన్న తీసివేత చేయించాను. 186లోంచి 34 తీస్తే 152. దీన్నే నాన్ హెచ్‌డీఎల్ కొలెస్ట్రాల్ అంటారు. మంచి కొలెస్ట్రాల్ పోగా మిగిలినదంతా నాళాల గోడల్లో చేరగలిగినదే. దీని లక్ష్యం ఎల్‌డీఎల్ లక్ష్యం కన్నా 30 ఎక్కువ. అంటే ఎల్‌డీఎల్ 100 లోపు ఉండాలని డాక్టరు చెబితే, ఇది 130 లోపు ఉండాలి. ఎల్‌డీఎల్‌ను చూస్తే బాబాయి గీత పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది, నాన్ హెచ్‌డీఎల్‌ను చూస్తే ఎంత దాటిపోయారో తెలుస్తుంది. ఈ లెక్కకు అదనంగా పైసా ఖర్చు లేదు.

ఆ 104 కూడా నేరుగా కొలిచినది కాదు. చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్‌ను 1972 నాటి ఫ్రీడ్‌వాల్డ్ సూత్రంతో లెక్కగడతారు. టోటల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తారు. ట్రైగ్లిజరైడ్లు పెరిగేకొద్దీ ఆ లెక్క మీద నమ్మకం తగ్గుతుంది, 400 దాటితే అసలు పనికిరాదు. తెల్ల అన్నం మూడు పూటలా తిని, స్వీట్లు ఇష్టపడే మన ఇళ్లలో ట్రైగ్లిజరైడ్లు పెరగడం, హెచ్‌డీఎల్ తగ్గడం జంటగా కనిపిస్తాయి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆధ్వర్యంలో దేశంలోని నాలుగు ప్రాంతాల్లో జరిపిన సర్వే ఫలితాలు 2014లో వచ్చాయి. అందులో హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవారు 72 శాతం. అందుకే మనవాళ్లు ఎల్‌డీఎల్ ఒక్కటే చూసి ఊరుకోవడం నాకు నచ్చదు.

మరి అపోలైపోప్రోటీన్ బి? శాస్త్రపరంగా ఇదే అన్నిటికన్నా నిక్కచ్చి కొలత. నాళాల్లో పూడిక పెంచే ప్రతి కణానికీ ఈ ప్రోటీన్ అణువు ఒక్కొక్కటే ఉంటుంది కాబట్టి, దీన్ని కొలిస్తే కణాల సంఖ్యే తెలిసిపోతుంది. గుంటూరు మిర్చి యార్డుకు వచ్చిన సరుకు బరువు తూచడం ఎల్‌డీఎల్ పరీక్ష అయితే, గేటు దాటిన లారీలను లెక్కపెట్టడం అపో బి పరీక్ష. రోడ్డు మీద రద్దీ లారీల సంఖ్యను బట్టి ఉంటుంది, ఒక్కో దానిలో ఎన్ని బస్తాలున్నాయన్నదాన్ని బట్టి కాదు. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువైనవారిలో ఎల్‌డీఎల్ కణాలు చిన్నవై, ఒక్కోదానిలో సరుకు తగ్గుతుంది, కణాల సంఖ్య మాత్రం పెరుగుతుంది. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో గుండెపోటుతో గట్టి సంబంధం కనిపించిన కారణాల్లో అపో బికీ, హెచ్‌డీఎల్‌లో ఉండే అపో ఎ1 ప్రోటీన్‌కూ ఉన్న నిష్పత్తి ముందు వరుసలో నిలిచింది. షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు మూడూ ఉన్నవారికి అపో బి చేయించమనే చెబుతాను. మిగిలినవారికి నాన్ హెచ్‌డీఎల్ చాలు, రెండూ చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి.

హెచ్‌డీఎల్‌ను పెంచే మందుల కోసం పరుగెత్తనక్కరలేదు. టోర్సెట్రాపిబ్ అనే మందు దాన్ని బాగా పెంచింది, కానీ వాడినవారిలో మరణాలు ఎక్కువ కావడంతో 2006లో ఆ ప్రయోగాన్ని ఆపేశారు.

అంకె ఒక్కటే అయినా ఏ వయసులో చూస్తున్నామన్నదాన్ని బట్టి దాని అర్థం మారుతుంది. నడివయసులో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారికి తర్వాత డిమెన్షియా ముప్పు పెరిగినట్టు ఫిన్లండ్ అధ్యయనం చూపింది. 2009లో వచ్చిన కాలిఫోర్నియా అధ్యయనంలో, నడివయసులో టోటల్ 240 దాటినవారికి అల్జీమర్స్ ముప్పు ఎక్కువగా కనిపించింది. అదే డెబ్బై అయిదేళ్ల వ్యక్తిలో చూస్తే కథ తలకిందులు కావచ్చు. డిమెన్షియా రాబోయేవారిలో అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే కొలెస్ట్రాల్ దానంతటదే దిగుతుంది. తిండి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, అంకె కూడా తగ్గుతుంది. అమ్మమ్మ రిపోర్టులో 140 చూసి "భేష్" అనుకోవడం, తమ్ముడి 240 చూసి "ఇంకా చిన్నవాడే కదా" అనుకోవడం రెండూ తప్పే. ఈ విషయంలో నాకు మొహమాటం లేదు: జాగ్రత్త పడాల్సింది తమ్ముడే.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు మతిమరుపు తెస్తాయన్న భయంతో మానేసేవారున్నారు. కొందరిలో తాత్కాలికంగా జ్ఞాపకశక్తి తగ్గినట్టు ఫిర్యాదులు రావడంతో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో ఆ హెచ్చరికను కరపత్రంలో చేర్చిన మాట నిజం. అయితే 70 నుంచి 82 ఏళ్ల వారి మీద జరిపిన ప్రాస్పర్ ప్రయోగంలో స్టాటిన్ వేసుకున్నవారికీ, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికీ జ్ఞాపకశక్తిలో తేడా కనిపించలేదు. గుండె జబ్బు మాత్రం తగ్గింది. మాత్ర వల్ల మతిమరుపు రాలేదు, ఆ వయసులో మొదలుపెట్టినందువల్ల మతిమరుపు ఆగనూ లేదు. ఎల్‌డీఎల్ సుమారు 39 తగ్గినప్పుడల్లా గుండెపోటు, పక్షవాతం వంటివి ఐదో వంతు తగ్గుతాయన్నది మాత్రం ఎన్నో ప్రయోగాలు కలిపి చూసి తేల్చిన లెక్క. మాత్ర పడలేదనిపిస్తే డాక్టరుతో చెప్పి మార్చించుకోవాలి, సొంతంగా మానేయకూడదు.

ప్యాకేజీల్లో అందరినీ బెదరగొట్టేది హోమోసిస్టీన్ అనే అమైనో ఆమ్లం. ఇది ఎక్కువగా ఉన్నవారికి అల్జీమర్స్ ముప్పు దాదాపు రెట్టింపని 2002లో ఫ్రామింగ్‌హామ్ అధ్యయనం చెప్పింది. బి12, ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ అంకె దిగుతుంది కూడా. అంకె దిగితే జబ్బు తగ్గుతుందా అన్నదే అసలు ప్రశ్న. పక్షవాతం ఒకసారి వచ్చినవారికి విటమిన్లు ఇచ్చి చూసిన 2004 నాటి విస్ప్ ప్రయోగంలో, మళ్లీ పక్షవాతం రావడం తగ్గలేదు. మరోవైపు 2010లో ఆక్స్‌ఫర్డ్‌లో తేలికపాటి మతిమరుపు ఉన్న వృద్ధుల మీద జరిపిన చిన్న ప్రయోగంలో, హోమోసిస్టీన్ ఎక్కువగా ఉన్నవారికి విటమిన్లు ఇస్తే మెదడు కుంచించుకుపోయే వేగం బాగా తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే, అందరికీ పరీక్ష చేయించేంత రుజువు మాత్రం కాదు.

ఇంకో చిక్కు ఉంది. రక్తం తీశాక కూడా ట్యూబులో ఎర్రకణాలు హోమోసిస్టీన్‌ను వదులుతూనే ఉంటాయి. ట్యూబును వెంటనే ఐసులో పెట్టాలి, లేదా గంటలోపు కణాలను వేరుచేయాలి. మే నెల ఎండలో పటమటలో ఇంటికొచ్చి రక్తం తీసిన కుర్రవాడు, ఇంకో నాలుగు ఇళ్లు తిరిగి, బెంజి సర్కిల్ ట్రాఫిక్ దాటి ల్యాబు చేరేసరికి ఆ ట్యూబులో అంకె పెరిగిపోయి ఉండవచ్చు. ఈ పరీక్ష తప్పదంటే ల్యాబుకు వెళ్లి ఇవ్వండి, ఐసులో పెడతారా అని అడగండి.

నన్నడిగితే హోమోసిస్టీన్ కన్నా నేరుగా బి12 పరీక్షే మేలు. మాంసం, చేప, గుడ్డు ముట్టనివారికి పాలూ పెరుగే దిక్కు, అవీ తక్కువైతే లోటు తప్పదు. షుగర్‌కు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలోనూ బి12 పడిపోతుంది. లోటు తేలితే మాత్రో ఇంజెక్షనో ఉంది, ఖర్చు తక్కువ. ఏదైనా చేయగలిగిన అంకె అది.

లైపోప్రోటీన్ ఎ సంగతి వేరు. ఎల్‌డీఎల్‌ను పోలిన ఈ కణం ఎంత ఉంటుందన్నది పుట్టుకతో వచ్చేది. తిండి మార్చినా, నడిచినా పెద్దగా కదలదు. కాబట్టి జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ అంటారు. కొన్ని ల్యాబులు నానోమోల్స్‌లో ఇస్తాయి, అప్పుడు గీత 125. ఎక్కువని తేలితే ఎల్‌డీఎల్, బీపీల మీద మరింత కఠినంగా ఉండాలి. తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే ఈ ఖర్చు దండగ కాదు. దీనికీ డిమెన్షియాకూ ఉన్న లంకె మాత్రం గట్టిగా తేలలేదు.

ఇక అపో ఇ జన్యుపరీక్ష. ఇ4 రకం జన్యువుకూ అల్జీమర్స్‌కూ ఉన్న సంబంధం 1993లో బయటపడింది. ఒక ప్రతి ఉంటే ముప్పు సుమారు మూడు రెట్లు, రెండూ ఉంటే ఇంకా ఎక్కువ. అయినా ఇ4 ఉన్న అందరికీ జబ్బు రాదు, లేనివారికి రాదన్న హామీ కూడా లేదు. ఫలితం ఏదైనా చేయాల్సింది మారదు. పైగా ఆ కాగితం పిల్లలకూ తోబుట్టువులకూ దిగులు పంచుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారు సరదాకో భయానికో దీన్ని చేయించుకోవద్దని గట్టిగా చెబుతాను.

ఆ పరీక్షకు పెట్టే డబ్బుతో ఒక మంచి బీపీ మిషను కొనండి. మెదడులోని సన్నని నాళాలకు బీపీని మించిన శత్రువు లేదు. 50 ఏళ్లు దాటిన తొమ్మిది వేల మందికి పైగా చేరిన స్ప్రింట్ ప్రయోగంలో, పై అంకెను 120 లోపు ఉంచినవారిలో తేలికపాటి మతిమరుపు 19 శాతం తగ్గిందని 2019లో తేలింది. ఆవకాయ ముద్ద తగ్గించమని నేను చెబితే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, అయినా చెబుతూనే ఉంటాను.

ఇప్పటికే మరుపు మొదలైన పెద్దవారికి వరుస మారుతుంది. ముందు బి12, థైరాయిడ్. రెండూ సరిదిద్దుకోగల కారణాలు. థైరాయిడ్ తగ్గితే ఎల్‌డీఎల్ కూడా పెరుగుతుంది కాబట్టి ఒకే పరీక్ష రెండు వైపులా పనికొస్తుంది. తర్వాత న్యూరాలజిస్టు చూసి స్కానింగ్ అవసరమో కాదో చెబుతారు. మార్పు ఒక్కసారిగా వస్తే, అంటే మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పైకి లేవకపోయినా ఏ ల్యాబుకూ వెళ్లవద్దు. మెదడు నాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్‌కు సాధారణంగా ఉన్న గడువు నాలుగున్నర గంటలే. స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి 108లో నేరుగా వెళ్లండి, లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసుకుని డాక్టరు చేతికివ్వండి.