పెద్ద ఫైరింజనా, చిన్న మిస్ట్ బండా: తిరుపతికి ఏది మేలు?

4,500 లీటర్ల ఫైరింజన్ వెడల్పు దాదాపు రెండున్నర మీటర్లు. గోవిందరాజస్వామి ఆలయం చుట్టుపక్కల సందుల్లో స్కూటర్లు, తోపుడు బండ్లు నిలిచాక దానికి దారి మిగలదు. సందు మొగలోనే ఆగి పైపులు పరవాలి. ఒక్కో డెలివరీ పైపు 15 మీటర్లు కాబట్టి 120 మీటర్ల లోపలున్న దుకాణానికి 8 పైపులు కలపాలి. పైపులు కలిపే కప్లింగ్‌లో రబ్బరు వాషర్ ఒక్కటి ఎండి పగిలినా నీళ్లు అక్కడే చిమ్ముతాయి, నాజిల్ దగ్గర ప్రెషర్ పడిపోతుంది.

300 లీటర్ల మిస్ట్ బండి మంట దాకా పోతుంది. ఎక్కువ ప్రెషర్‌తో నీటిని తుంపరగా కొడుతుంది. తుంపర చప్పున ఆవిరై వేడిని లాగేస్తుంది కాబట్టి మూసి ఉన్న లాడ్జి గదికి, హోటల్ వంటింటికి బాగా పనికొస్తుంది. అయితే ఆరుబయట గాలికి తుంపర చెదిరిపోతుంది. చెక్క, అట్ట, బట్టల మూటలు అంటుకుంటే లోపలి నిప్పు దాకా దిగదు. పైన ఆరినట్టే కనిపించి, కాసేపటికి మళ్లీ రాజుకుంటుంది. 2023 జూన్‌లో ఆ ఆలయం దగ్గరే తగలబడింది ఫోటో ఫ్రేముల దుకాణం. అలాంటి సరుకున్న చోట ముదిరిన మంటకు 300 లీటర్లు ఏ మూలకు?

పెద్ద బండి నీళ్లూ ఎక్కువసేపు రావు. 20 మి.మీ. నాజిల్‌ను 4 బార్ ప్రెషర్ మీద నడిపితే నిమిషానికి సుమారు 530 లీటర్లు పోతాయి. రెండు నాజిళ్లు తెరిస్తే ట్యాంకు నాలుగు నిమిషాల పైచిలుకులో ఖాళీ. దాని అసలు బలం ట్యాంకు కాదు, పంపు. వెనక ట్యాంకర్లు వరసగా అందిస్తేనే, లేదా దగ్గర్లో సంపు ఉంటేనే ఆ బలం పనికొస్తుంది. సంపులో నీటి మట్టం పంపుకంటే 7 మీటర్లకు మించి కిందుంటే లాగడం కష్టం. సక్షన్ జాయింటు వదులైతే గాలి దూరి ప్రైమింగే (లాగే పైపులోని గాలి తీసి నీళ్లు నింపడం) పట్టదు.

మా తీర్పు ఇది. పాత ఊళ్లో చిన్న బండి ముందు పోవాలి, అదే కాల్‌కు పెద్దది వెంటనే బయల్దేరాలి. మంట చిన్నదని తేలితే దారిలోంచి వెనక్కి పిలవచ్చు. రేణిగుంట రోడ్డు, కరకంబాడి రోడ్డు వైపు దారి వెడల్పే, అక్కడ మొదటి బండే పెద్దది కావాలి. చిన్న బండి కొన్నామని పెద్దదాన్ని తగ్గించడం మాత్రం తప్పు. అగ్నిమాపక సేవలపై కేంద్రానికి సలహాలిచ్చే స్టాండింగ్ ఫైర్ అడ్వైజరీ కౌన్సిల్ లెక్క ప్రకారం 3 లక్షల జనాభా దాకా ప్రతి 50,000 మందికి ఒక పంపు, అంటే పంపున్న ఫైరింజన్, ఉండాలి. తిరుపతి 2011 జనాభా 2,87,035కే ఆరు పంపులు తేలతాయి. రోజూ వచ్చిపోయే యాత్రికులు ఆ లెక్కలో లేరు.

బండి కొనేముందు మనుషుల లెక్క చూడాలి. పెద్ద బండికి ఆరుగురు చొప్పున మూడు షిఫ్టులకు 18 మంది. ఒక్కొక్కరికి ఏడాదికి 52 వీక్లీ ఆఫ్‌లు, సెలవులు, శిక్షణ కలిపి మరో 45 రోజులు పోతాయనుకుంటే 25 మంది ఉంటేనే ఏ షిఫ్టూ పలచబడదు. ముగ్గురితో నడిచే చిన్న బండికి 12, 13 మంది చాలు. కానీ ముగ్గురిలో ఒకరు పంపు దగ్గర, ఇద్దరు నాజిల్ దగ్గర ఉంటే, లోపలికి వెళ్లినవాళ్లకు ఏదైనా అయితే బయట ఆదుకునేవాళ్లు లేరు. అందుకే పొగ నిండిన లాడ్జిలోకి వాళ్లను పంపకూడదు. పెద్ద బండి వచ్చేదాకా వాళ్లు కరెంటు తీయించాలి, గ్యాస్ కట్టాలి, మెట్ల దారిని తుంపరతో కాచి జనాన్ని దించాలి.