ట్రాప్ కెమెరా, నాలుగేళ్ల వాడకం: కుందేలు ఎక్కడ తప్పిపోతోంది

ట్రాప్ కెమెరా అంటే జంతువు ముందుకొస్తే దానంతటదే ఫొటో తీసే డబ్బా. దాని కార్డు తీసి ల్యాప్‌టాప్‌లో పెడితే పది ఫొటోల్లో ఏడు ఖాళీ. గడ్డి, గెనిమ, చీకటి. ఎనిమిదో ఫొటోలో కుడి అంచున పొట్టి తోక ఒకటి, పైన నలుపు, కింద తెలుపు. దాని కింద గాల్లో లేచిన రెండు వెనక కాళ్లు. కుందేలు వచ్చింది, పోయింది. కెమెరా నిద్ర లేచేసరికి మిగిలింది ఆ తోకే. చాలామంది ఈ దశలోనే కెమెరా దండగని తీర్మానించి అటక మీద పడేస్తారు. నాలుగేళ్ల వాడకం తర్వాత నా లెక్క వేరు: తప్పిన ఫొటోల్లో ఎక్కువ భాగం మనం బిగించిన తీరువల్ల తప్పినవే. మిగతావి కెమెరావి, వాటికి మందు లేదు.

ఈ సమీక్ష పదివేల లోపు దొరికే మామూలు ట్రాప్ కెమెరా గురించి. 8 పెన్సిల్ సెల్స్, రాత్రి ఫొటోలకి వెలుగిచ్చే 850 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లైట్లు, సిమ్ లేని రకం. ఒకే డబ్బా రకరకాల పేర్లతో అమ్ముడవుతుంది కాబట్టి పేరు వదిలేస్తున్నా. వాడింది తిరుపతి దగ్గర చంద్రగిరి, పాకాల వైపు శెనక్కాయ చేలల్లో, తోతాపురి తోటల్లో, వంక గట్ల మీద. మొలకలు కొరుకుతున్నది కుందేలా, పందా, ఎలుకా అని తేల్చుకోవడానికి, గుంటనక్కలు ఇంకా తిరుగుతున్నాయా అని చూసుకోవడానికి. 2023లో అలిపిరి నడకదారిలో చిరుత దాడుల తర్వాత ట్రాప్ కెమెరా అనే మాట తిరుపతిలో అందరికీ తెలిసింది. కానీ చిరుతను పట్టే కెమెరాను అదే ఎత్తులో, అదే దూరంలో కుందేలుకి పెడితే ఏమీ దొరకదు.

మొదట ప్రకటనల సంగతి. డబ్బా మీద 24 మెగాపిక్సెళ్లు అని ఉంటుంది. లోపలి సెన్సర్ అంత ఉండదు, మిగతాదంతా సాఫ్ట్‌వేర్ సాగదీసిందే. సాగదీసిన ఫైలు పెద్దది, కార్డులోకి ఎక్కడానికి టైం పడుతుంది, ఆలోపు రెండో ఫొటో పోతుంది. 8కి తగ్గించి పెట్టండి, బొమ్మలో తేడా కంటికి కనపడదు. డబ్బా మీద రాసే ఇంకో మాట ‘20 మీటర్ల దూరం వరకు పసిగడుతుంది’. అది నిలబడి నడిచే మనిషికి. కుందేలుకి 4 మీటర్లు, గుంటనక్కకి 5 లేదా 6, అంతకు మించి ఆశ పెట్టుకోవద్దు.

కెమెరా ముందుగా చూడదు. ముందు దానికి వేడి తెలియాలి. లెన్స్ కింద కనపడే తెల్లటి ప్లాస్టిక్ పలక వెనక ఉన్నది పీఐఆర్ సెన్సర్, వేడి కదలికని పసిగట్టేది అదే. ఆ పలక ఎదురుగా ఉన్న జాగాని పట్టీలు పట్టీలుగా విడగొడుతుంది. చుట్టుపక్కల కంటే వేడిగానో చల్లగానో ఉన్నదేదైనా ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి జరిగితేనే సెన్సర్‌కి తెలిసేది. అంటే వేడిలో తేడా ఉండాలి, అడ్డంగా కదలిక ఉండాలి. రెండిట్లో ఏది లేకపోయినా కెమెరా లేవదు.

మన ఎండాకాలంలో మొదటిదే ఉండదు. మే నెలలో తిరుపతిలో పగలు 40 దాటుతుంది. బండలు, ఎండిన నేల పొద్దుపోయాక కూడా సెగ వదలవు. కుందేలు ఒంట్లో వేడి ఎంతైనా, సెన్సర్‌కి తెలిసేది బొచ్చు పైభాగమే, అది గాలి వేడికి దగ్గర్లో ఉంటుంది. నేలకీ కుందేలుకీ తేడా లేకపోతే పక్కనుంచి గెంతుకుంటూ పోయినా కెమెరాకి పట్టదు. అందుకే ఎండాకాలంలో నా కార్డుల్లో పనికొచ్చే ఫొటోలన్నీ తెల్లవారుజామువి, రెండు నుంచి ఆరు లోపువి. డిసెంబర్, జనవరిలో అదే చోట, అదే కెమెరాకి సాయంత్రం ఏడు నుంచే పడతాయి. ‘మేలో కుందేళ్లు తగ్గాయి’ అని ఈ ఫొటోలు చూసి చెప్పేవాళ్లని నమ్మకండి. సెన్సర్ ఎంత తేలిగ్గా లేవాలో చెప్పే సెన్సిటివిటీని ఎండాకాలం ‘హై’లో, చలికాలం ‘మీడియం’లో పెట్టాలి. హైలో పెడితే పగలు ఎండలో గాలికి ఊగే ప్రతి గడ్డిపరకకీ క్లిక్కుమంటుంది కాబట్టి టైమర్ సాయంత్రం 6 నుంచి ఉదయం 7 వరకే ఉంచాలి. తూర్పుకీ పడమరకీ కెమెరా ముఖం పెట్టకూడదు. ముందున్న గడ్డిని 4 మీటర్ల వరకు కొడవలితో కోసెయ్యాలి, పీకొద్దు. పీకి చదును చేసిన నేల కొత్తగా కనపడితే కుందేలు కొన్నాళ్లు అటు రాదు.

ఇప్పుడు దూరం లెక్క. ఈ రకం కెమెరా చూపు దాదాపు 50 డిగ్రీలు. 3 మీటర్ల దూరంలో ఫ్రేము వెడల్పు సుమారు 2.8 మీటర్లు, 4 మీటర్ల దగ్గర 3.7. డబ్బా మీద స్పందన, అంటే వేడి తెలిశాక ఫొటో తీయడానికి పట్టే టైం, 0.4 సెకను అని ఉంది, రాత్రి చూస్తే 0.8 దాకా పోతోంది. మామూలుగా గెంతే కుందేలు సెకనుకి 3 మీటర్లు పోతుందనుకుందాం. 0.8 సెకనులో 2.4 మీటర్లు. 3 మీటర్ల దగ్గర ఫ్రేమంతా కలిపి 2.8. మిగిలేది తోకే.

దారికి అడ్డంగా, సరిగ్గా లంబంగా కెమెరా పెట్టడమే ఈ తప్పు. సెన్సర్‌కి అడ్డ కదలిక ఇష్టం, లెన్స్‌కి ఎదురుగా వచ్చేది ఇష్టం. రెండిటికీ రాజీ: దారికి 45 డిగ్రీల ఏటవాలుగా పెట్టండి. కుందేలు ఫ్రేములో ఉండే దూరం పెరుగుతుంది, పట్టీలూ దాటుతుంది. దారి మొత్తం మీద కాకుండా అది ఆగే చోటు ఎంచుకుంటే ఇంకా మేలు. కంప కంచెలో సందు, గెనిమ ఎక్కే మలుపు, పెంటికలు పోగుపడ్డ జాగా. సందు దగ్గర కుందేలు ఒక్క క్షణం ఆగి చెవులు తిప్పి చూసుకుంటుంది. ఆ క్షణం చాలు.

మీ కెమెరా ఆలస్యం ఎంతో మీరే కొలుచుకోవచ్చు. లీటరు నీళ్ల సీసాలో గోరువెచ్చని నీళ్లు పోసి, మూత బిగించి, పాత టవల్ చుట్టి తాడు కట్టండి. కెమెరా ముందు నేల మీద అర మీటరుకో గీత చొప్పున ముగ్గుపిండితో గీయండి. మొదట టెస్ట్ మోడ్‌లో పెట్టి, నడక వేగంతో సీసాని లాగుతూ ఎర్ర లైటు ఏ గీత దగ్గర వెలుగుతుందో పక్కనుంచి ఒకరు చూడాలి. తర్వాత మామూలు మోడ్‌లో అదే వేగంతో లాగి, ఫొటోలో సీసా ఏ గీత మీద ఉందో చూడండి. రెండు గీతల మధ్య దూరాన్ని సెకనుకి 1.2 మీటర్లు అనుకుని భాగిస్తే ఆలస్యం వస్తుంది. లాగేవాళ్లు తాడు పొడుగ్గా పట్టుకుని ఫ్రేము బయటే ఉండాలి, లేకపోతే కెమెరా పట్టేది మిమ్మల్నే. కుందేలు బొచ్చుకంటే సీసాయే వేడిగా ఉంటుంది కాబట్టి నిజం ఇంతకంటే కాస్త అధ్వానమని అనుకోండి. నిలబడి చేతులూపుతూ చేసే పరీక్ష మాత్రం శుద్ధ దండగ.

ఎత్తు దగ్గర అందరిదీ ఒకటే పొరపాటు, చెట్టుకి ఛాతీ ఎత్తున కట్టడం. అక్కణ్ణుంచి సెన్సర్ పట్టీలు కుందేలు నెత్తి మీదుగా పోతాయి. కుందేలుకి నేల నుంచి 30 సెంటీమీటర్లు, నక్కలకి 40. కెమెరా ముందు నేల కిందికి వాలుగా ఉంటే కెమెరా వెనక పైభాగాన చిన్న పుల్ల దోపి ముందుకి వంచాలి. సన్న కానుగ చెట్టుకి కడితే గాలికి చెట్టుతోపాటు కెమెరా ఊగుతుంది, పొద్దున్నే 600 ఖాళీ ఫొటోలు. చేనుకైతే మూడడుగుల ఇనుప యాంగిల్ ముక్కని అడుగున్నర లోతు దిగ్గొట్టి దానికి బిగించడం మేలు.

దగ్గరగా, కింద పెట్టాక కొత్త ఇబ్బంది ఒకటి వస్తుంది. మీటరున్నర దూరంలోకి వచ్చిన కుందేలు తెల్లటి ముద్దలా మెరిసిపోతుంది, చెవులు తప్ప ఇంకేదీ తెలియదు. లైట్ల పలకలో సగాన్ని మందుల షాపులో దొరికే తెల్ల కాగితం టేపుతో ఒక పొర కప్పండి. పీఐఆర్ పలకకి మాత్రం టేపు అంటకూడదు. 850 రకం లైట్లు మసక ఎర్రగా కనపడతాయి. కుందేళ్లు ఒకటి రెండు రాత్రుల్లో అలవాటు పడిపోతాయి. గుంటనక్క మాత్రం ఆగి, తల వంచి, నేరుగా లెన్స్‌లోకి చూస్తుంది. కొన్ని ఆ తర్వాత దారి మార్చేస్తాయి. 940 నానోమీటర్ల రకం కళ్లకి కనపడదు, కానీ వెలుగు దూరం పోదు, ఫొటోలో గరగర ఎక్కువ. నక్కల కోసమే కొనేవాళ్లు 940 తీసుకోండి, కుందేళ్లకి 850 చాలు.

వీడియో మోడ్ వద్దు. మొదలవడానికే ఇంకో సెకను పోతుంది, బ్యాటరీ తినేస్తుంది. ఒక్కసారి లేస్తే వరసగా మూడు ఫొటోలు తీసే బర్స్ట్ పెట్టండి, మధ్య విరామం అతి తక్కువ. కుందేలు ఒంటరిగా ఉందా, వెనక ఇంకోటి ఉందా అనేది మూడో ఫొటోలోనే తెలిసేది.

బ్యాటరీల దగ్గర ఒక్క గుర్తు పెట్టుకోండి: పగటి ఫొటోలు బాగుండి రాత్రివి నల్లగా వస్తున్నాయంటే కెమెరా చెడిపోలేదు, సెల్స్ నీరసించాయి. రాత్రి లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగేటప్పుడు కరెంటు ఎక్కువ కావాలి, అప్పుడు వోల్టేజీ పడిపోతుంది. గడియారాలకి వేసే చవక సెల్స్ రెండు రాత్రులు కూడా ఆగవు. వాడకపోయినా చార్జి త్వరగా తగ్గని రకం 2000 ఎంఏహెచ్ రీచార్జి సెల్స్ ఎనిమిది, ఒకే రోజు కొన్నవి, ఒకే రోజు చార్జి చేసినవి వేస్తే నాకు మూడు వారాలు వస్తున్నాయి. పాతవీ కొత్తవీ కలిపితే పాతవాటి స్థాయికే అన్నీ దిగుతాయి. కెమెరా వాడని నెలల్లో సెల్స్ తీసెయ్యాలి, మన వేడికి అవి కారి స్ప్రింగులు పచ్చబడతాయి. కార్డు 32 జీబీ, క్లాస్ 10, ఫార్మాట్ కెమెరాలోనే చెయ్యాలి. అడాప్టర్‌లో పెట్టిన చిన్న కార్డుతో రెండుసార్లు మొత్తం పోయింది, ఇప్పుడు వాడను. పెట్టేముందు కార్డు పక్కనున్న లాక్ మీట చూసుకోండి.

సెల్స్ మార్చాక తేదీ, టైం చూసుకోకపోతే కష్టపడి తీసిన ఫొటోకి విలువ ఉండదు. ఏఎం, పీఎం తారుమారైతే అర్ధరాత్రి నక్క మధ్యాహ్నం నక్క అవుతుంది. బిగించాక మొదటి ఫొటోగా మీ ఫోన్ గడియారం చూపించండి, తర్వాత వాదన ఉండదు. అలాగే 30 సెంటీమీటర్ల గుర్తున్న కర్రని దారి మీద నిలబెట్టి ఒక ఫొటో తీసి, కర్ర తీసెయ్యండి. రాత్రి నలుపు తెలుపులో గుంటనక్కకీ, నక్కకీ, ఊరకుక్కకీ తేడా చెప్పడానికి ఆ ఫొటోయే ఆధారం. గుంటనక్క 2 నుంచి 4 కిలోల జంతువు, పిల్లికంటే కాస్త పెద్దది. తోక ఒంటి పొడవులో సగానికి పైనే, చివర నలుపు. నక్క దానికి రెండింతలకి పైగా బరువు, కాళ్లు పొడవు. కుందేలుకి మెడ వెనక నల్లమచ్చ ఉంటుంది, పక్కకి తిరిగితే కనపడుతుంది.

పంటకి సంబంధించి: మొలక కాండం కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగి, పక్కన గుండ్రటి పొడి పెంటికలుంటే కుందేలు. మట్టి పెళ్లగించి కాయలు నమిలి ఉంటే పంది. ఫొటో రాకపోయినా ఇది తెలుస్తుంది. కెమెరా దేనికంటే, ఏ సందులోంచి, ఎన్ని గంటలకి అనేదానికి. ఆ ఒక్క సందు కంపతో మూస్తే చాలాచోట్ల పని అయిపోతుంది. ఉచ్చులూ కరెంటు తీగలూ పెట్టేవాళ్లకి ఈ ఫొటోలు చూపించొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కుందేలునైనా నక్కనైనా వేటాడటం నేరం. సొంత చేనులో కెమెరా పెట్టుకోవచ్చు, అడవి హద్దు దాటి పెట్టాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. ఇంకో మాట: బోరు గట్టు వైపు, ఆడవాళ్లు బయటికెళ్లే దారి వైపు కెమెరా తిప్పకండి. ఊళ్లో మాట పోతే కెమెరా కూడా పోతుంది.

మన్నిక విషయంలో నాలుగేళ్లలో వాన ఏమీ చెయ్యలేదు, చీమలే చేశాయి. కింద స్టాండు బిగించే రంధ్రం, కరెంటు పిన్ను పెట్టే రంధ్రం, ఈ రెండిట్లోంచి లోపల చేరి గుడ్లు పెడతాయి. రెండూ మైనంతో మూసెయ్యాలి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరుకి ఆర్నెల్లకోసారి సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి, లోపల సిలికా జెల్ పొట్లం ఒకటి వెయ్యాలి. తుపాను ముసురు పట్టినప్పుడు లెన్స్ లోపల పొగమంచు పట్టిందంటే ఆ పొట్లం తడిసిందని అర్థం. లైట్ల ముందు సాలెపురుగు గూడు అల్లితే ఫొటో అంతా తెల్ల చారలే. లైట్లకి చేరే పురుగుల కోసం బల్లి వచ్చి పలక మీదే కూర్చున్న రాత్రులు కూడా ఉన్నాయి, దానికి ఇంకా ఉపాయం దొరకలేదు. పలమనేరు, కుప్పం వైపు ఏనుగుల దారిలో పెట్టేవాళ్లు ఇనుప పెట్టె మీద ఖర్చు పెట్టకండి, తొండం చుడితే పెట్టెతో సహా పోతుంది.

మళ్లీ కొంటానా అంటే, కొంటాను. కానీ మెగాపిక్సెళ్ల మాట చూడను. స్పందన అర సెకను లోపు, రెండో ఫొటోకి ఒక సెకను లోపు, సెన్సర్ చూపు లెన్స్ చూపుకంటే వెడల్పుగా లేనిది, ఇవి అడుగుతాను. సెన్సర్ మరీ వెడల్పైతే కుందేలు ఫ్రేములోకి రాకముందే క్లిక్కుమని, అది వచ్చేసరికి కెమెరా రెండో ఫొటోకి తయారవుతూ ఉంటుంది. మొదట చెప్పిన ఏడు ఖాళీ ఫొటోల్లో కొన్ని అలాంటివే.